ఎండ ఒత్తిడికి శరీర ప్రతిస్పందన

వేడి, భయం, గాయం, దిగులు వంటివి ఎదురైనప్పుడు శరీరాన్ని నిలబెట్టేది నాడీ వ్యవస్థ, వినాళ గ్రంథుల ఉమ్మడి చర్య. చెక్క పడవల తయారీకి పేరుపడ్డ ఒమన్ రేవు పట్టణం సూర్‌లో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. సముద్రపు ఉక్కకు చెమట ఆరదు. అక్కడ ఎండలో పనిచేసే కూలీ శరీరంలో ఈ చర్యను దశలవారీగా గమనించవచ్చు.

రక్తం వేడెక్కగానే మెదడులోని హైపోథాలమస్ పసిగడుతుంది. సహానుభూత నాడులు వెంటనే చెమట పట్టించి, గుండె వేగం పెంచుతాయి. చర్మపు రక్తనాళాలు విప్పారుతాయి. అధివృక్క గ్రంథి మధ్యభాగం అడ్రినలిన్ వదులుతుంది. రెండో మార్గం నిదానమైనది: హైపోథాలమస్ సంకేతంతో పీయూష గ్రంథి ఏసీటీహెచ్ అనే హార్మోన్‌ను, దాని ప్రేరణతో అధివృక్క వల్కలం కార్టిసాల్‌ను విడుదల చేస్తాయి. కార్టిసాల్ రక్తంలో చక్కెర పెంచుతుంది. మోతాదు మించితే హైపోథాలమస్‌ను, పీయూష గ్రంథినీ తానే అణుస్తుంది.

వాసోప్రెసిన్ అనే హార్మోన్ నీటిని, అల్డోస్టిరాన్ అనే హార్మోన్ ఉప్పును మూత్రంలో పోనివ్వవు. ఒకటి రెండు వారాలు ఎండకు అలవాటుపడ్డవారి చెమటలో ఉప్పు తగ్గడం అల్డోస్టిరాన్ చలవే. తెలుగు జిల్లాల నుంచి గల్ఫ్‌లో కొత్తగా దిగినవారికి ఆ రక్షణ వెంటనే రాదు. మొదటి రోజులే గండం.

శరీర ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి మాట తడబడితే అది వడదెబ్బ. ఆలస్యం ప్రాణం తీస్తుంది. అందుకే ఒమన్‌లో జూన్ నుంచి ఆగస్టు వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3.30 దాకా ఆరుబయట ఎండలో పని చేయించడం నిషిద్ధం.