పడవను తేల్చు బెండు

నీట మునిగిన వస్తువు ఎంత నీటిని ప్రక్కకు త్రోయునో, అంత నీటి బరువునకు సమానమైన బలము దానిని పైకెత్తును. ఈ సత్యమును క్రీస్తు పూర్వము 3వ శతాబ్దిలో గ్రీకు పండితుడగు ఆర్కిమిడీసు నిరూపించెను. మన పల్లెపిల్లలు నడుమునకు ఎండు సొరబుర్రనో, బెండునో కట్టుకొని ఈత నేర్చుటలోని మర్మ మిదియే. పడవను తేల్చునది దానిలోని ఖాళీస్థలము. ఆ స్థలము నీటితో నిండినచో మనుష్యులను మోయు శక్తి పోవును. అప్పుడును పడవ నిలుచుటకు దానిలో ఏ పదార్థమును కూర్పవలెను? ఈ ప్రశ్న రెండువందల యేండ్లకు పైబడి పడవలు కట్టువారిని వేధించుచున్నది.

లండను నగరమున గుఱ్ఱపుబండ్లు చేయించు లయొనెల్ లూకిన్ అనునతడు 1785లో మునుగని పడవకు పేటెంటు పొందెను. అంచుల వెంబడి కార్కును, అనగా సీసా బిరడాలు చేయు చెట్టుబెరడును, లోపల గాలిపెట్టెలను అమర్చి, అడుగున ఇనుమును చేర్చుట అతని పద్ధతి. మరుసటి యేట ఇంగ్లండు ఈశాన్యతీరమందలి బాంబరో గ్రామమునకై ఒక పాత చేపలపడవను అతడిట్లే బాగుచేసి, ప్రాణరక్షణకు తగినదిగా మార్చెను.

1789లో టైను నదీముఖమున అడ్వెంచరు అను ఓడ తుపానులో చిక్కి విచ్ఛిన్నమయ్యెను. ఒడ్డున జనులు చూచుచునే యుండిరి. ఆ అలలలోనికి పోగల పడవ వారికి లేదు. పిమ్మట సౌత్ షీల్డ్సు పౌరులు మంచి నమూనాకు బహుమానము ప్రకటించిరి. హెన్రీ గ్రేట్‌హెడ్ నిర్మించిన పడవ 1790 జనవరి 30వ తేదీన నీటిలోనికి దిగెను. దానికి కూర్చిన కార్కు సుమారు 784 పౌనులు. ఘనపుటడుగు నీటి బరువు 62 పౌనులకు పైన. అంతే కార్కు బరువు సుమారు 15. కావున ఘనపుటడుగు కార్కు 47 పౌనులను మోయును. ఈ లెక్కన ఆ పడవ కార్కు రమారమి 2,400 పౌనులను నిలుపగలదు. గాలిపెట్టె ఇంతకంటె నెక్కువ మోయును. కాని ఒక్క రంధ్రముతో నిరుపయోగమగును. కార్కు చీలినను కార్కే. గ్రేట్‌హెడ్ 1802లో కట్టిన జెట్లండు అను పడవ 500 మందికి పైగా కాపాడినది. అది రెడ్కారు పట్టణమున నేటికిని భద్రముగా నున్నది.

అయితే కార్కునకును కాలదోషము కలదు. 1904 జూన్ 15వ తేదీన న్యూయార్కు ఈస్టు నదిలో జనరల్ స్లోకం అను పొగయోడ అగ్నికి ఆహుతి కాగా, విహారమునకు బయలుదేరిన స్త్రీలు, బాలురు సుమారు వేయిమంది మరణించిరి. తల్లులు బిడ్డలకు తొడిగిన రక్షణకవచములు పదుమూడేండ్లుగా వ్రేలాడినవి. లోని కార్కు పొడియైపోయినది. కొలది వారముల ముందే తనిఖీదారు అంతయు సవ్యమని వ్రాసియుండెను. కవచమునకు కనీసము ఆరు పౌనుల మంచి కార్కు ఉండవలెనని నియమము. తూకము సరిపెట్టుటకై ఒక తయారీదారు కార్కు దిమ్మలలో ఇనుపకడ్డీలు దూర్చిన సంగతియు ఆ విచారణకాలముననే బయల్పడెను. కాగితముపై తూకము సరిపోయినది. నీటికి కాగితముతో పనిలేదు.

తరువాత బూరుగుదూది వచ్చెను. మైనపు పూతగల ఆ నూలు తన బరువునకు అనేక రెట్లు మోయును. కాని నలిగినను, నూనె సోకినను శక్తి తగ్గును. 1937లో జర్మనీలో ఒట్టో బేయరు కనుగొన్న పాలియురిథేను నుండి నురుగు పుట్టినది. దానిని పడవ సందులలో పోసిన పొంగి గట్టిపడును. పాలిస్టైరీను నురుగు చవుక. కాని పెట్రోలు తగిలిన కరగును. ఏ నురుగైనను ఏండ్ల తరబడి తడిలో నున్నచో మెల్లగా నీరు త్రాగును. పైకి చక్కగా కనబడుచునే పడవను బరువెక్కించును.

కావున పాతపడవను బాగుచేయువారు తేలిక యెంత అని మాత్రమే అడిగిన చాలదు. తడిసిన నురుగును తీసివేయవలెను. క్రొత్తదానిని అడుగున నిలుచు నీటికి అందకుండ అమర్చవలెను. అప్పుడప్పుడు విప్పి చూచుటకు వీలుంచవలెను. వస్తువును చేతితో తాకి చూచిన పిమ్మటనే పుస్తకములో వ్రాయుట శ్రేయస్కరము. స్లోకం ఓడపై ఆనాడు ఆ కవచములు ధరించినవారు, తనిఖీ పుస్తకములోని మాటను నమ్మియే నీటిలోనికి దుమికిరి.