రేడియో నుండి వెండితెరకు: ఒక యుద్ధ గేయనాటకం కథ

రంగస్థలం మీద పేరుపొందిన సంగీతనాటకాన్ని చలనచిత్రంగా తీయబూనిన నిర్మాతకు మొట్టమొదట కలిగే ఆలోచన, దీనిని మరింత పెద్దదిగా ఎట్లు చేయగలమన్నదే. నాటకంలో పదిమంది ఆడిన చోట చిత్రంలో వందమందిని ఆడించవచ్చును. పరదా మీద చిత్రించిన వీథిని నిజమైన వీథిగా కట్టించవచ్చును. ధనమున్నవారికి ఇది కష్టమైన పని కాదు. అయితే ఆ పెరుగుదలలో నాటకానికి ప్రాణమైనది నిలుచునా, నలిగిపోవునా అన్నది మాత్రం ధనంతో తేలే విషయం కాదు.

ఈ ప్రశ్నకు మంచి ఉదాహరణగా ఇంగ్లండులో 1963లో ప్రదర్శితమై, 1969లో చిత్రరూపం ధరించిన ‘ఓ! వాట్ ఎ లవ్లీ వార్’ అనే గేయనాటకాన్ని చెప్పుకొనవచ్చును. ‘ఓహో, ఎంత ముచ్చటైన యుద్ధము!’ అని ఆ పేరుకు అర్థం. పేరులోనే ఎత్తిపొడుపు ఉన్నది. 1914 నుండి 1918 వరకు జరిగిన మొదటి ప్రపంచయుద్ధమే దాని వస్తువు. రేడియో శ్రోతలకు ఈ కథలో మరొక ఆసక్తికరమైన అంశం కలదు. ఈ నాటకానికి బీజం పడినది రంగస్థలం మీద కాదు, లండనులోని ఒక రేడియో కార్యక్రమంలో.

చార్లెస్ చిల్టన్ బి.బి.సి.లో కార్యక్రమ నిర్మాత. 1953లో ప్రారంభమైన ‘జర్నీ ఇంటు స్పేస్’ అనే అంతరిక్షయాన ధారావాహిక అతనికి గొప్ప పేరు తెచ్చినది. అతని తండ్రి మొదటి ప్రపంచయుద్ధంలో సిపాయి. 1918 మార్చిలో, తన బిడ్డకు ఏడాదైనా నిండకముందే, ఫ్రాన్సులోని అరాస్ వద్ద మరణించినాడు. అప్పటికి ఆ తండ్రి వయస్సు 19 ఏండ్లు. చాలకాలం తరువాత, తనను పెంచిన అవ్వ కోరికపై, తండ్రి సమాధికి ఫోటో తీసుకొని వద్దామని చిల్టన్ అరాస్ వెళ్ళినాడు. అక్కడ అతనికి సమాధి కనబడలేదు. పెద్ద గోడల మీద చెక్కిన పేర్లు మాత్రం కనబడినవి. దేహం దొరకని, ఎక్కడ పూడ్చినారో తెలియని సుమారు 35 వేలమంది సిపాయిల పేర్లవి. వానిలో తండ్రి పేరు కూడా ఉన్నది.

ఒక మనిషిని పూడ్చిపెట్టుటకు కూడా వీలులేకుండా అతనికి ఏమి జరిగి యుండును? ఇంతమందికి అట్లే జరుగుటకు కారణమేమి? ఈ ప్రశ్నలు చిల్టన్‌ను వెంటాడినవి. వానికి సమాధానం అతడు సేనానుల స్వీయచరిత్రలలో కాక, సిపాయిల పాటలలో వెదకినాడు. కందకాలలో బురదలో కూర్చున్న ఆ యువకులు తమకు తెలిసిన వరుసలకు కొత్త మాటలు కట్టుకొని పాడుకొనేవారు. చర్చిలో పాడే భక్తిగీతాల వరుసలు, సంగీతశాలలలో మోగిన ప్రేమగీతాల వరుసలు వారి చేతిలో వెటకారపు పాటలైనవి. తిండి బాగులేదని, అధికారులు వెనుక సుఖంగా ఉన్నారని, ఇంటికి పోయే రోజు ఎప్పుడని వారు నవ్వుతూనే పాడుకొన్నారు. అట్టి పాటలను సేకరించి, వాని మధ్య యుద్ధచరిత్రను కూర్చి, చిల్టన్ ‘ది లాంగ్ లాంగ్ ట్రెయిల్’ అనే కార్యక్రమాన్ని తయారుచేసినాడు. అది 1961లో ప్రసారమైనది. హాయిగొలిపే వరుస చెవిలో పడుచుండగానే, పక్కనుండి మృతుల సంఖ్యలు చదువుచుండిన గొంతు వినబడును. ఈ రెండింటి నడుమ ఉన్న వైరుధ్యంలోనే ఆ కార్యక్రమం బలమంతా ఉన్నది.

లండను తూర్పుభాగాన స్ట్రాట్‌ఫర్డ్ అనే కార్మికుల పేట కలదు. అక్కడి థియేటర్ రాయల్‌లో జోన్ లిటిల్‌వుడ్ అనే దర్శకురాలు ‘థియేటర్ వర్క్‌షాప్’ అనే నాటక సమాజాన్ని నడిపేది. ఆమె సహచరుడు, సమాజ నిర్వాహకుడు జెరీ రాఫెల్స్ ఆ ప్రసారాన్ని విని, దీనిని నాటకం చేయవలెనని పట్టుబట్టినాడు. 1963 మార్చి 19న నాటకం తొలిసారి ప్రదర్శింపబడినది.

సిపాయిల కథను రంగానికి ఎక్కించవలెనన్నచో ఎవరైనను మొదట ఖాకీ దుస్తులు కుట్టింతురు. లిటిల్‌వుడ్ ఆ ఖాకీని దగ్గరకు రానీయలేదు. నటీనటులందరికీ పియెరో వేషం వేయించినది. పూర్వం ఇంగ్లండులో సముద్రతీరపు పట్టణాలలో వేసవి విడిదికి వచ్చిన కుటుంబాలకు ఆటపాటలతో వినోదం కలిగించే బృందాలు ఉండేవి. వదులైన తెల్లని అంగీ, దానిపై నల్లని కుచ్చులు, మొనదేలిన టోపీ వారి వేషం. అట్టి వేషం మీదనే ఒక ఇనుప టోపీయో, తోలు పటకాయో తగిలించుకొని నటులు క్షణంలో సిపాయిలు కాగలిగినారు, మరుక్షణంలో సేనానులు కాగలిగినారు. మన నాటకాలలోని సూత్రధారుని వలె ఒకడు ముందు నిలిచి, ప్రేక్షకులకు స్వాగతం చెప్పి, ‘యుద్ధం ఆట’ ఆడి చూపుదుమని హాస్యంగా పలికేవాడు.

నటుల వెనుక, రంగానికి అడ్డంగా, విద్యుద్దీపాలతో అక్షరాలు నడిచే ఒక పలక అమర్చినారు. ముందు ఆటపాటలు సాగుచుండును. వెనుక ఆ పలక మీద ఏ యుద్ధంలో ఎంతమంది పోయినారో, ఎంత నేల చేతికి వచ్చినదో మౌనంగా సాగిపోవుచుండును. రేడియోలో గొంతు చేసిన పనిని రంగస్థలంలో ఈ దీపాల పలక చేసినది. ఇందుకు అయిన ఖర్చు స్వల్పం, కలిగిన ఫలితం మాత్రం చాల గొప్పది. కొద్దికాలానికే నాటకం లండను నడిబొడ్డులోని విండమ్స్ థియేటరుకు తరలినది. 1964లో న్యూయార్కు చేరినది. యుద్ధంలో పాల్గొన్న వృద్ధులు కూడా వచ్చి చూచినారు. ఆ పాటలు వారి యౌవనంలోని పాటలు.

ఇట్టి నాటకాన్ని సినిమాగా తీయుట సులభం కాదు. సినిమా కెమెరా సహజంగా నిజాన్ని కోరును. తెల్ల అంగీలు కట్టి యుద్ధమని చెప్పినచో నాటకశాలలో నమ్ముదురు కాని, తెర మీద నమ్ముట కష్టం. పోనీ నిజమైన కందకాలు, నిజమైన నెత్తురు చూపుదమన్నచో అది సామాన్యమైన యుద్ధచిత్రమగును, నాటకంలోని వ్యంగ్యం చచ్చిపోవును. గూఢచారి నవలలతో ప్రసిద్ధుడైన లెన్ డైటన్ ఈ చిత్రానికి కథనం సమకూర్చినాడు. ఛాయాగ్రాహకుడు బ్రయన్ డఫీతో కలసి నిర్మాతగా కూడా వ్యవహరించినాడు. తుదకు మాత్రం తెర మీది పేర్లలో తన పేరు వద్దన్నాడు. నటుడుగా అప్పటికే పేరుగాంచిన రిచర్డ్ అటెన్‌బరోకు దర్శకుడుగా ఇదే మొదటి చిత్రం. పెట్టుబడి పెట్టినది అమెరికా సంస్థ పారమౌంట్. పెట్టుబడికి తగినట్లు తారాబలం కూడా సమకూడినది. లారెన్స్ ఒలీవియర్, జాన్ గిల్‌గుడ్, రాల్ఫ్ రిచర్డ్‌సన్, మైకేల్ రెడ్‌గ్రేవ్, జాన్ మిల్స్, మాగీ స్మిత్, వెనెస్సా రెడ్‌గ్రేవ్ మొదలైన మహానటులు కొద్ది నిమిషాల పాత్రలకు కూడా సమ్మతించినారు.

పియెరో వేషాలను తెర మీదికి తేలేక, ఆ వేషగాళ్ళు ఆడే చోటునే తెర మీదికి తెచ్చుట ఈ చిత్రంలోని ముఖ్యమైన ఊహ. ఇంగ్లండు దక్షిణతీరాన బ్రైటన్ అనే పట్టణమున్నది. అక్కడ 1866లో కట్టిన వెస్ట్ పియర్, సముద్రంలోనికి చొచ్చుకొనిపోయిన వినోదపు వంతెన. 1968 వేసవిలో చిత్రీకరణ అక్కడ జరిగినది. వంతెన ముఖద్వారం మీద ‘మొదటి ప్రపంచయుద్ధం’ అని దీపాల అక్షరాలు వెలుగును. సేనాని హేగ్ పాత్రధారి జాన్ మిల్స్ టిక్కెట్లు అమ్మును. స్మిత్ అనే సామాన్య కుటుంబం వారు పండుగకు వచ్చినట్లు టిక్కెట్లు కొని లోనికి పోవుదురు. ఆ ఇంటి కుమారులు ఒక్కొక్కరే యుద్ధంలో పోవుదురు. సేనానుల లెక్కలు, మంతనాలు వంతెన మీద సాగును, సిపాయిల బ్రతుకు బ్రైటన్ సమీపాన త్రవ్విన కందకాలలో సాగును. రంగులు, గాలి, సముద్రపు తళుకు ఒక వైపు, బురద మరొక వైపు. కెమెరా ఈ రెంటి మధ్య తిరుగుచుండును.

నాటకశాలలో సాధ్యం కాని పనిని కెమెరా చేసిన సందర్భం ఒకటి చెప్పవలెను. సంగీతశాలలో మాగీ స్మిత్ మెరిసే దుస్తులతో పాడుచు, సైన్యంలో చేరువారికి తన ముద్దు లభించునని యువకులను వేదిక మీదికి పిలుచును. దూరాన కూర్చున్నవారికి ఆమె అప్సరసవలె కనిపించును. పిల్లవాడు మెట్లెక్కి దగ్గరకు వచ్చినంతనే, ముఖం మీద దట్టంగా పూసిన రంగు, ఆ రంగు క్రింది కఠినత్వం అతనికి, అతనితో పాటు మనకు, కనబడును. వెనుకకు పోవుటకు అప్పటికే వ్యవధి లేదు, పక్కనే సార్జెంటు నిలిచి యుండును. నాటకశాలలో చివరి వరుసవాడు ఎప్పటికీ చివరి వరుసలోనే ఉండును. సినిమా అతనిని ఆ ముఖానికి జానెడు దూరంలోనికి తీసికొని పోగలిగినది.

మరణాన్ని చూపిన తీరు కూడా చెప్పుకొనదగినది. ఎర్రని గసగసాల పువ్వు బ్రిటనులో యుద్ధమృతుల స్మృతిచిహ్నం. చిత్రంలో ఎవరికి ఆ పువ్వు చేరునో వారికి చావు వచ్చినట్లు. ప్రారంభంలో ఐరోపా ప్రభువులందరూ ఫోటోకు నిలుతురు. ఫోటోగ్రాఫరు ఆస్ట్రియా యువరాజుకు, ఆయన భార్యకు రెండు ఎర్రపూలు అందించును. దీపం భగ్గుమని వెలుగును. యుద్ధానికి నిప్పంటించిన 1914 సారాయెవో హత్య అంతటితో పూర్తియైనది.

నాటకంలోని దీపాల పలకకు బదులుగా చిత్రంలో క్రికెట్ ఆటలో వలె పరుగుల పలక వచ్చినది. నష్టమైన ప్రాణాలు ఇన్ని, గెలిచిన నేల సున్న గజాలు అని దాని మీద వ్రాయుదురు. ఇది అతిశయోక్తి అనుకొనరాదు. 1916 జూలై 1న, సోమ్ యుద్ధం మొదలైన ఒక్కరోజున, బ్రిటిషు సైన్యంలో 57,470 మంది హతులో, క్షతులో, కనబడనివారో అయినారు. అందులో మరణించినవారు 19,240 మంది.

అయినప్పటికీ ఈ చిత్రానికి ఆక్షేపణలు లేకపోలేదు. నాటకంలో నటులకు పేరులేదు, వారందరూ ఒకే గుంపు. చిత్రంలో తెర మీదికి వచ్చిన ప్రతి సేనానినీ ‘ఇతడు ఫలానా మహానటుడు’ అని ప్రేక్షకుడు గుర్తుపట్టుచునే యుండును. వ్యంగ్యంలోని కరకుదనం అందమైన దృశ్యాలలో మెత్తబడినదని కొందరు విమర్శకులు వ్రాసినారు. ఈ మాటలో సత్యమున్నది. రెండు గంటలకు మించిన నిడివిలో, సేనానుల సన్నివేశాలు కొన్ని ఒలీవియర్ వంటి వారి నటనను చూచి ముచ్చటపడుటకే ఉన్నట్లు తోచును. వైభవానికి చెల్లించవలసిన మూల్యమిది.

కాని తుది దృశ్యం చూచిన తరువాత ఈ ఆక్షేపణలు కొంత వెనుకకు పోవును. యుద్ధం ముగియనున్నది. స్మిత్ కుమారులలో చివరివాడు ఒక ఎర్రని నాడాను పట్టుకొని, సంధిపత్రం తయారగుచున్న గది గుండా నడచి, పచ్చని కొండచరియ మీదికి వచ్చును. అతని సోదరులు అక్కడ గడ్డిమీద పడుకొని యుందురు. అతడును వారి పక్కన మేను వాల్చును. వారున్న చోట తెల్లని శిలువలు నిలుచును. తెల్లని దుస్తులు ధరించిన ఇంటి ఆడవారు వాని మధ్య నడతురు. కెమెరా మెల్లగా పైకి లేచును. ఒక శిలువ పది అగును, పది వంద అగును, వంద వేలు అగును, చివరకు కొండ నిండా శిలువలే. వెనుకనుండి సిపాయిల పాట వినబడుచుండును. జెరోమ్ కెర్న్ అనే అమెరికా సంగీతకర్త కట్టిన ప్రేమగీతపు వరుసకు సిపాయిలు అల్లుకొన్న పాట అది. బ్రైటన్ సమీపాన సుద్దనేలలో ఆ శిలువలను నిజంగానే వేలకొలదిగా నాటినారు.

ఈ దృశ్యానికి ధనం కావలెను. సంఖ్య అనునది చెవికి ఒక మాట, పలక మీద ఒక అంకె. వేలమంది అనగా ఎంతమందో కన్నులారా చూపవలెనన్నచో వేల శిలువలు నాటక తప్పదు. చిత్రంలో వెచ్చించిన ధనానికి పూర్తి సార్థకత కలిగినది ఇక్కడనే. అరాస్‌లో తన తండ్రికి సమాధి దొరకక తిరిగివచ్చిన చిల్టన్ కథతో పోల్చి చూచినచో, ఈ కొండచరియ ఆ సమాధి లేనివారందరికీ కలిపి కట్టిన సమాధి వలె తోచును.

భారతీయులమైన మనకు బ్రైటన్ పరాయి ఊరు కాదు. ఆ యుద్ధంలో ఫ్రాన్సులో గాయపడిన మన సిపాయిలకు 1914 చివరి నుండి 1916 ఆరంభం వరకు బ్రైటన్ రాజభవనమే ఆసుపత్రి. ఆ ఆసుపత్రులలో కన్నుమూసిన 53 మంది హిందూ, సిక్కు సిపాయిలను పట్టణం వెలుపలి కొండచరియ మీద దహనం చేసినారు. ఆ చోట 1921లో ఆవిష్కరించిన పాలరాతి ఛత్రి నేటికిని ఉన్నది. చిత్రంలోని శిలువల కొండ, ఈ ఛత్రి ఉన్న కొండ ఒకే కొండలవరుసలోనివి. చిత్రం స్మిత్ కుటుంబం కథనే చెప్పినది, మనవారి కథ చెప్పలేదు. చూచునపుడు మనమే దానిని జ్ఞాపకం తెచ్చుకొనవలెను.

అటెన్‌బరో తరువాతి కాలంలో మన దేశానికి వచ్చి, 1982లో విడుదలైన ‘గాంధీ’ చిత్రాన్ని నిర్మించినాడు. అందులో మహాత్ముని అంతిమయాత్రకు ఢిల్లీలో లక్షల జనాన్ని కూర్చినాడు. పెద్ద సంఖ్యకు కన్నీరు తెప్పించే శక్తి కలదని అతడు బ్రైటన్ కొండమీదనే నేర్చుకొనెనని అనుకొనవచ్చును.

వెస్ట్ పియర్ 1975లో మూతబడినది. 2003లో అగ్నికి ఆహుతియైనది. దాని ఇనుప అస్థిపంజరం మాత్రం అలల మధ్య నిలిచి యున్నది. లిటిల్‌వుడ్ 2002లోను, చిల్టన్ 2013లోను గతించినారు. నాటకాన్ని నేటికిని పాఠశాలల పిల్లలు సైతం ఆడుచున్నారు, చిత్రం నేటికిని చూడ దొరకుచున్నది. రేడియో ఆ సిపాయిల గొంతును వినిపించినది, నాటకం వారి నవ్వును చూపినది, సినిమా వారి సంఖ్యను చూపినది. ఈ మూడింటికీ మూలం, తండ్రి సమాధి కొరకు వెళ్ళి గోడమీద పేరు మాత్రం చదువుకొని వచ్చిన ఒక కుమారుని దుఃఖం. ఆ దుఃఖం మొదట పలికినది ఎవరి ఇంటిలోనో ఒక మూల నున్న రేడియో పెట్టెలోనే.