జర ఆన్ జేసి చూసిన, గంతే!

మొన్న దసరాకి ఊరెళ్ళాను. మాది స్టేషన్ ఘన్‌పూర్. అన్నట్టు ఇంకో ఘనపురం కూడా ఉంది, భూపాలపల్లి వైపు, కాకతీయుల కోటగుళ్ళు ఉన్నది. ఎవరైనా "కోటగుళ్ళ ఊరా మీది?" అని మొహం వెలిగించుకుని అడిగితే, "కాదండీ, మాది రైలు స్టేషన్ ఊరు" అని నీళ్ళు చల్లడం నాకు అలవాటే :)

ఊళ్ళో చిన్నప్పటి దోస్తు కలిశాడు. ఇప్పుడు వేరే జిల్లాలో ఎస్సై. చాయ్ తాగుతూ అడిగాడు: "అరేయ్, నువ్వు కంప్యూటరోనివి గదా, గీ ఫోరెన్సిక్ సాఫ్ట్‌వేర్లు నేర్సుకోవాల్నంటే ఎన్ని దినాలు పడ్తదిరా?"

సంగతేంటంటే, ఏదో బెదిరింపు మెయిళ్ళ కేసులో ఒక కుర్రాడి లాప్‌టాప్ పట్టుకున్నారట. ల్యాబ్‌కి పంపేముందు మనవాడు "జర ఆన్ జేసి చూసిన, గంతే." అరగంట సేపు!

నాకు గుండె గుభేలుమంది. ఆ "గంతే" అన్న మాట మీద మన సుప్రీంకోర్టులోనే వాదన జరిగింది మరి. అందులో హైదరాబాద్ పాత్ర కూడా ఉంది.

2001 డిసెంబర్ 13న పార్లమెంటు మీద దాడి జరిగింది. అప్పటికి నేను బడికి కూడా వెళ్ళని వయసు. రెండు రోజులకి శ్రీనగర్‌లో ఒక లారీలో లాప్‌టాప్ దొరికింది. దాన్ని పరీక్షించిన వాళ్ళలో హైదరాబాద్‌లోని కేంద్ర ప్రభుత్వ నిపుణులు కూడా ఉన్నారు. సంతకాలు అసలువా నకిలీవా అని భూతద్దం పెట్టి చూసే ఆఫీసు వాళ్ళదే. కాగితాలు చూసే చోటే హార్డ్ డిస్కులు చూడటం మొదలైందన్నమాట. కారు మీద అంటించిన హోం శాఖ స్టిక్కర్, దొంగ ఐడీ కార్డులు... ఇవి తయారైన ఆనవాళ్ళు అందులో బయటపడ్డాయి.

చిక్కల్లా తేదీల దగ్గర వచ్చింది. పోలీసులు లాప్‌టాప్‌ని స్వాధీనం చేసుకున్న తర్వాతి తేదీలు కొన్ని ఫైళ్ళ మీద ఉన్నాయి. డిఫెన్సు లాయర్లు ఊరుకుంటారా? ఎవరో కెలికారన్నారు. అవి ఆపరేటింగ్ సిస్టమ్ తనంతట తాను రాసుకునే ఫైళ్ళని, మెషీన్ ఆన్ చేస్తే చాలు తయారవుతాయని నిపుణుడు సాక్ష్యం చెప్పాడు. 2005 ఆగస్టు 4 తీర్పులో సుప్రీంకోర్టు ఆ వివరణని ఒప్పుకుంది. ఆ వివరణ చెప్పగలిగిన మనిషి ఉన్నాడు కాబట్టి సరిపోయింది. మామూలు స్టేషన్‌లో మామూలు కేసుకి అంత నిపుణుడు ఎక్కడ దొరుకుతాడు?

(అదే ఏడాది జూలైలో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, సెల్ ఫోన్ కూడా చట్టం దృష్టిలో కంప్యూటరే అంది. అంటే జేబులో ఉన్నదానికీ ఇదే గొడవ.)

65బి సర్టిఫికెట్ కథ ఇంకా పెద్దది. అది లేకపోయినా ఫర్లేదని 2005 తీర్పు అంటే, తప్పదని 2014లో అదే కోర్టు తిరగరాసింది, 2020లో మళ్ళీ గట్టిగా చెప్పింది. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త సాక్ష్య చట్టంలో సర్టిఫికెట్ నమూనాలోనే హాష్ విలువ రాసే చోటు పెట్టారు. మనం డౌన్‌లోడ్ సరిగ్గా వచ్చిందా లేదా అని చూసుకునే ఎస్‌హెచ్ఏ 256, ఇప్పుడు చట్టం పుస్తకంలోకి ఎక్కింది! ఊరి పేరు ఒకటే అయినా ఊళ్ళు రెండని మా ఘన్‌పూర్ వాళ్ళకి తెలిసినట్టే, ఫైలు పేరు, సైజు, తేదీ ఒకటే అయినా లోపల వేరే ఉండొచ్చు. హాష్ అయితే పట్టేస్తుంది.

ఇదంతా చదివాక నేనూ ఒక పాత పెన్‌డ్రైవ్ మీద ప్రయోగం చేశా. లినక్స్‌లో మౌంట్ చెయ్యకుండా మొత్తం డ్రైవ్‌కి హాష్ తీశా. తర్వాత విండోస్‌లో పెట్టి, ఒక్క ఫైలు కూడా తెరవకుండా బయటికి తీశా. మళ్ళీ హాష్ చూస్తే మారిపోయింది. విండోస్ తన ఫోల్డర్ ఒకటి అందులో పెట్టేసింది. అందుకే ఈ విద్యలో ముందు రైట్ బ్లాకర్ పెట్టి, డిస్క్‌ని బిట్ బిట్‌కీ కాపీ తీసి, హాష్ రాసుకుని, ఆ తర్వాతే ఆటాప్సీ లాంటి టూల్స్‌తో కాపీని తెరుస్తారు. ఆటాప్సీ ఉచితమే. మెనూలు నేర్చుకోవడానికి వారం చాలు. "జర చూద్దాం" అనే చెయ్యిని ఆపుకోవడానికే ఎక్కువ రోజులు పడుతుంది.

నా దోస్తుకి ఫోన్ చేసి ఇదంతా చెప్పా. ఏ రోజు, ఎన్నింటికి ఆన్ చేశావో, ఏమేం తెరిచావో కేసు డైరీలో రాసెయ్యమన్నా. రాయకపోతే కేసు వీగిపోవచ్చు. ఆ కుర్రాడు నిజంగా ఏమీ చెయ్యని వాడైతే ఇంకా ఘోరం. వీడు కెలికిన అరగంట తేదీలకి వాడు జవాబు చెప్పుకోవాలి.

"రాస్తే నా మీదికే వస్తది గదరా" అన్నాడు.

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. రాసిండో లేదో నేనింకా అడగలేదు.