బ్రిక్ వర్కవుట్

ట్రయథ్లాన్ శిక్షణలో సైకిల్ తొక్కిన వెంటనే, విశ్రాంతి లేకుండా పరుగెత్తే జంట సాధనను బ్రిక్ వర్కవుట్ అంటారు. ట్రయథ్లాన్ పోటీలో ఈత, సైక్లింగ్, పరుగు ఇదే వరుసలో వస్తాయి. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ట్రయథ్లాన్ తొలిసారి జరిగింది. ఒలింపిక్ దూరాలు 1.5, 40, 10 కిలోమీటర్లు. ఐరన్‌మ్యాన్ అనే మరింత సుదీర్ఘమైన ట్రయథ్లాన్‌లో అవి సుమారు 3.8, 180, 42.2 కిలోమీటర్లు.

సైకిల్ దిగి పరుగందుకోగానే కాళ్లు తమవి కానట్టు బరువెక్కుతాయి, అడుగు కురచవుతుంది. అంతసేపూ ముందుకు వంగి కూర్చున్న దేహం ఒక్కసారిగా నిటారుగా నిలవాలి. సీటు మోసిన బరువును ఇక ప్రతి అడుగులోనూ కాళ్లే మోయాలి. సాధారణంగా కొద్ది నిమిషాల్లో ఈ ఇబ్బంది సర్దుకుంటుంది. దానికన్నా పెద్ద చిక్కు వేగం విషయంలో ఉంది. సైకిల్ జోరుకు అలవాటుపడ్డవారికి పరుగు మరీ నెమ్మదిగా తోస్తుంది. దాంతో జోరు పెంచి, తొలి కిలోమీటరులోనే ఉన్న ఓపికంతా ఖర్చుచేసేస్తారు. ఆ తొందరను అదుపు చేసుకోవడం నేర్పుతుంది కాబట్టే ఈ సాధనకు అంత విలువ.

కొత్తవారికి గంటలోపు సైక్లింగ్, ఆపై 10–15 నిమిషాల తేలికపాటి పరుగు చాలు. వారానికి ఒకసారి సరిపోతుంది. అలసిన కాళ్లతో అతిగా పరుగెత్తితే పిక్కలు, మడమ స్నాయువులు దెబ్బతినవచ్చు. సైక్లింగ్ చివరి నిమిషాల్లో గేరు తగ్గించి పెడళ్లు చురుగ్గా తిప్పడం చాలామంది పాటించే పద్ధతి.

బూట్లు మార్చుకోవడమూ ఇందులో భాగమే. ముడి వేసే పని లేకుండా సాగే లేసులు వాడతారు. పోటీలో సైకిల్‌ను స్టాండులో పెట్టాకే హెల్మెట్ పట్టీ విప్పాలన్న నియమాన్ని కూడా ఇక్కడే అలవాటు చేసుకోవాలి.