ఊరు కదల్లేదు, చట్టాలే మారాయి: తిరుత్తణి తెలుగు కథ

బడిలో తెలుగు సంగతి ఎత్తినప్పుడల్లా మన గ్రూపులో ఒకటే మాట: "తమిళనాడులో ఉన్నాం, చట్టం అట్లా ఉంది, ఏం చేస్తాం?" ఆ చట్టం ఏమిటో, మన దాకా ఎట్లా వచ్చిందో ఈసారి వివరంగా చెప్పుకుందాం.

1888లో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు పుట్టేనాటికి తిరుత్తణి ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడితే అందులో చేరింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు చిత్తూరుతో పాటే ఆంధ్రలోకి వెళ్లింది. తిరుత్తణి తమిళులదేనని మ.పొ.శివజ్ఞానం గారు ఉద్యమం నడిపారు. చివరికి పటాస్కర్ గారు మధ్యవర్తిగా వచ్చి, గ్రామాన్ని యూనిట్‌గా తీసుకుని, అక్కడ ఎక్కువమంది మాట్లాడే భాషను, భూభాగం కలిసి ఉండడాన్ని చూసి హద్దు గీశారు. ఆ ప్రకారం పార్లమెంటు 1959లో చట్టం చేసింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి, చెంగల్పట్టు జిల్లాలోకి వచ్చింది. తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాల నుంచి సత్యవేడు వైపు గ్రామాలు ఆంధ్రకు వెళ్లాయి. 1997 నుంచి మనది తిరువళ్ళూరు జిల్లా. కొండ మీద సుబ్రహ్మణ్యస్వామి ఉన్నచోటే ఉన్నాడు, జనమూ ఉన్నచోటే ఉన్నారు. కింద ఆఫీసు బోర్డులు మాత్రం మారుతూ వచ్చాయి.

ఏ గీత గీసినా అటు కొందరు తమిళులు, ఇటు కొందరు తెలుగువాళ్లు మిగలక తప్పదు. మనం అలా మిగిలినవాళ్లం.

ఆ మార్పు మొదట్లో పెద్దగా తెలియకపోవడానికి ఒక కారణం ఇంగ్లీషు. రాజ్యాంగం 345వ అధికరణం ప్రకారం, రాష్ట్రం తన అధికార భాషను చట్టంతో నిర్ణయించేదాకా ఇంగ్లీషే కొనసాగుతుంది. మద్రాసు 1956లోనే తమిళాన్ని అధికార భాషగా చేసింది కానీ ఇంగ్లీషు వాడకానికీ చోటు ఉంచింది. ఆంధ్రప్రదేశ్ తెలుగుకు ఆ చట్టం చేసింది 1966లో. అంటే తిరుత్తణి చేయి మారిన రోజున రెండువైపులా ఆఫీసుల్లో ఇంగ్లీషు నడుస్తూనే ఉంది. ఇంగ్లీషు చాటున తెలుగుకు చోటు తగ్గుతున్న సంగతి చాలాకాలం కంటికి కనపడలేదు.

1968 జనవరిలో మద్రాసు శాసనసభ ద్విభాషా విధానానికి తీర్మానం చేసింది. హిందీ పోయింది, తమిళం, ఇంగ్లీషు మిగిలాయి. హిందీ మీద ఆ పోరాటం తమిళులకు ఎంత న్యాయమో మనకు తెలుసు. అయినా అప్పట్లో తెలుగు పిల్లలు తెలుగును మొదటి భాషగా తీసుకునే వీలు ఉండేది. 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చాక అది మారింది. ఆ ఏడాది ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక్కో తరగతికి తమిళం తప్పనిసరి అవుతూ వచ్చింది. మొదటి భాష తమిళం, రెండోది ఇంగ్లీషు. మాతృభాష చివరన, ఐచ్ఛికంగా. ఆ మొదటి బ్యాచ్ 2016లో పదో తరగతి పరీక్షకు వచ్చేసరికి అల్పసంఖ్యాక భాషల వాళ్లు హైకోర్టుకు వెళ్లి మినహాయింపు తెచ్చుకున్నారు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ ఏడాదికి దాన్ని పొడిగించింది. ఏడాదికోసారి అడిగి తెచ్చుకునే మినహాయింపును నమ్ముకుని ఏ తండ్రీ పిల్లను తెలుగు సెక్షన్‌లో చేర్చడు. ఇంగ్లీషు మీడియం వైపే చూస్తాడు. అందుకని తండ్రిని తప్పు పట్టలేం. కానీ సెక్షన్ ఖాళీ అయ్యేది అట్లాగే.

మరి మనకు చట్టంలో ఏమీ లేదా? ఉంది. 350వ అధికరణం ప్రకారం దేశంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారికి అర్జీ పెట్టుకోవచ్చు. 1956లో చేర్చిన 350ఎ ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకు వసతి కల్పించమంటుంది. 1949లోనే విద్యామంత్రుల సమావేశం ఒక లెక్క చెప్పింది: బడిలో 40 మంది, లేదా తరగతిలో 10 మంది ఉంటే ఆ భాషలో చెప్పే టీచరు ఉండాలని.

పైదేశాల్లోనూ ఇదే లెక్క. కాలిఫోర్నియా 1986లో ఓటర్ల తీర్పుతో ఇంగ్లీషును అధికార భాష చేసుకుంది. అయినా అమెరికా ఓటు హక్కు చట్టం కింద, ఇంగ్లీషు సరిగా రాని కొన్ని భాషా వర్గాల ఓటర్లు ఒక కౌంటీలో 10,000 దాటినా, 5 శాతం దాటినా, అక్కడి ఓటింగు కాగితాలు వాళ్ల భాషలోనూ దొరకాలి. అధికార భాష ఏదైనా, మిగతా భాషల తలుపు తెరుచుకునేది తలల లెక్కతోనే.

అందుకే మేం అడిగేది పెద్ద పోరాటం కాదు. మన పిల్లలకు తమిళం బాగా రావాలి, అందులో రెండో మాట లేదు. పట్టా, చిట్టా అన్నీ ఆ భాషలోనే కదా. అయితే బడి ఫారంలో మాతృభాష గడి దగ్గర తెలుగు అని రాయండి. రాబోయే జనాభా లెక్కల్లోనూ అదే చెప్పండి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ కాగితం మీద వేరేది రాస్తే, ఆ 10 మందిలో ఒకరు తగ్గినట్టే. మీ వీధి బడిలో ఒక్కో తరగతికి ఎంతమంది తెలుగు పిల్లలున్నారో లెక్క తీసి సంఘానికి పంపండి. ఆ అంకెలు చేతిలో ఉంటే అర్జీ మనం రాస్తాం, తెలుగులోనే.