తనిఖీ ఎవరికి నివేదన? తెలుగు నేలపై అభివృద్ధి మూల్యాంకన చరిత్ర – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

ఒక పథకం ప్రజలకు మేలు చేసిందా, చేస్తే ఎవరికి ఎంత చేసింది అని పరీక్షించడాన్ని నేడు 'సామాజిక ప్రభావ మూల్యాంకనం' అంటున్నారు. విశ్వవిద్యాలయ శాఖలు, పరిశోధన కేంద్రాలు, కొద్దిమంది సిబ్బందితో నడిచే సలహా సంస్థలు ఈ పని చేస్తున్నాయి. ఈ అధ్యయనాలు ఏం తేల్చాయన్న దానిపై జరిగినంత చర్చ, తేల్చిన విషయం ఎవరికి నివేదించారన్న దానిపై జరగలేదు. తెలుగు ప్రాంతానికి చెందిన మూడు సందర్భాల ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

జమాబందీ నుంచి శామీర్‌పేట వరకు

గ్రామ లెక్కల తనిఖీ తెలుగువారికి కొత్త కాదు. మద్రాసు రాజధానిలోని రైత్వారీ ప్రాంతాల్లో కరణం రాసిన లెక్కలను రెవెన్యూ అధికారులు ఏటా జమాబందీలో పరిశీలించేవారు. లెక్కలు తెలుగులోనే ఉన్నా, తనిఖీ ఉద్దేశం మాత్రం సర్కారుకు రావలసిన శిస్తు తేల్చడమే. రైతు అక్కడ లెక్కలో ఒక పద్దు; లెక్క అడిగే హక్కుదారు కాదు.

స్వాతంత్ర్యానంతరం దృష్టి శిస్తు నుంచి సంక్షేమానికి మళ్లింది. హైదరాబాదుకు సమీపంలోని శామీర్‌పేటలో ఉస్మానియా విశ్వవిద్యాలయం పక్షాన ఎస్.సి. దూబే నాయకత్వంలో జరిగిన క్షేత్రకృషి 1955లో 'ఇండియన్ విలేజ్' గ్రంథంగా వెలువడింది. 1952లో సమాజ వికాస పథకంతోపాటు ప్రణాళికా సంఘంలో కార్యక్రమాల మూల్యాంకన సంస్థ ఏర్పడింది. ఉత్తరప్రదేశ్ గ్రామాలపై దూబే 1958లో ప్రచురించిన మరో అధ్యయనం, వ్యవసాయ విస్తరణ ఫలాలు ప్రధానంగా కలిగిన రైతులకే దక్కాయని చూపింది. అంతకు ముందే, 1957లో, బల్వంత్‌రాయ్ మెహతా సంఘం ఈ పథకం స్థానిక చొరవను మేల్కొల్పలేకపోయిందని తేల్చింది. దాని పర్యవసానంగా 1959లో ఆంధ్రప్రదేశ్‌లోనూ పంచాయతీరాజ్ వ్యవస్థ వచ్చింది. అంటే మూల్యాంకనం విధానాన్ని మార్చగలిగింది. అయితే ఆ సంభాషణ పండితునికీ ప్రభుత్వానికీ మధ్యనే సాగింది.

హైదరాబాదు బస్తీల అధ్యయనం

రెండవ సందర్భం సూక్ష్మరుణాలది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, రేచెల్ గ్లెనర్‌స్టర్, సింథియా కిన్నన్ హైదరాబాదులోని 104 బస్తీలను ఎంచుకొన్నారు. వాటిలో యాదృచ్ఛికంగా తీసిన 52 బస్తీల్లో ముందుగా స్పందన సంస్థ శాఖలు తెరిచింది. తరువాత రెండు వర్గాల బస్తీలనూ పోల్చారు. కుటుంబాల సగటు వినియోగంలో చెప్పుకోదగ్గ పెరుగుదల కనిపించలేదు. మన్నికగల వస్తువుల కొనుగోలు పెరిగింది. విద్య, ఆరోగ్యం, స్త్రీల నిర్ణయాధికారం వంటి అంశాల్లో గణనీయమైన మార్పు లేదు. అప్పు పేదరికాన్ని తుడిచేస్తుందన్న ప్రచారాన్ని ఈ ఫలితం నిలదీసింది.

అధ్యయనం ఒకవైపు సాగుతుండగానే, 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వసూళ్ల ఒత్తిడి ఆరోపణల నేపథ్యంలో సూక్ష్మరుణ సంస్థలపై అత్యవసరాదేశం తెచ్చింది. పూర్తి వ్యాసం 2015లో ఆంగ్ల అర్థశాస్త్ర పత్రికలో వెలువడింది. సగటు ప్రభావాన్ని కొలవడం ఈ పద్ధతి బలం. వాయిదా కట్టలేని ఒక స్త్రీ గుంపు ముందు పడిన అవమానం ఆ సగటులో విడిగా కనిపించదు. ఇది పరిశోధకుల లోపం కాదు, సాధనానికున్న హద్దు.

సామాజిక తనిఖీ

జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైంది. 2005 చట్టంలోని 17వ సెక్షన్ పనులపై సామాజిక తనిఖీ బాధ్యతను గ్రామసభకు అప్పగించింది. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 నుంచి నడిపిన జన సున్‌వాయీల అనుభవం దీనికి ప్రేరణ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2009లో ఇందుకోసం ప్రత్యేక సొసైటీని నెలకొల్పింది.

కూలీల కుటుంబాల నుంచి వచ్చిన చదువుకొన్న యువత మస్టరు రోళ్లు తీసుకొని ఇంటింటికీ వెళ్తారు. "ఈ వారం పనికి వెళ్లారా? కూలి ఎంత ముట్టింది?" అని అడుగుతారు. పనిస్థలంలో కొలతలు సరిచూస్తారు. తేలినదాన్ని గ్రామసభలోనూ, మండల స్థాయి బహిరంగ సభలోనూ చదివి వినిపిస్తారు. వినడమనే అర్థంగల లాటిన్ ధాతువు నుంచి పుట్టిన 'ఆడిట్' అనే మాట ఇక్కడ తన మూలార్థానికి చేరువైంది. జమాబందీలో పైకి చూసిన తనిఖీ, ఇక్కడ ఊరివైపు తిరిగింది.

అయినా దీన్ని విజయగాథగా ముగించలేము. ఎనిమిది జిల్లాల తనిఖీ నివేదికలను విశ్లేషించిన ఫర్జానా అఫ్రిదీ, వెగార్డ్ ఇవర్సన్‌లు, కూలి చెల్లింపుల అక్రమాల్లో ఒక్కొక్కదానికి స్వాహా అయ్యే మొత్తం కొంత తగ్గినా, పట్టుకోవడం కష్టమైన సామగ్రి సంబంధ అక్రమాలు పెరిగాయని గుర్తించారు. కూలీ తన కూలిని లెక్కపెట్టగలడు. సిమెంటు బిల్లును లెక్కపెట్టడం అంత సులభం కాదు. పైగా తేలిన అక్రమాలపై శిక్షలు అరుదు. వినిపించడం జరిగింది గానీ, విన్న తరువాత చర్య తీసుకొనే అధికారం సభకు దక్కలేదు.

ముగింపు

ఈ మూడు సందర్భాల్లో మొదటిది ప్రభుత్వానికి, రెండవది విద్వల్లోకానికి, మూడవది గ్రామానికి నివేదించింది. మొదటిదానికి అధికారం చెవినిచ్చింది గానీ ఊరు వినలేదు. మూడవదాన్ని ఊరు విన్నది గానీ అధికారం కదలలేదు. కనుక మూల్యాంకన సంస్థల గత కృషిని అంచనా వేసేటప్పుడు నమూనా పరిమాణం, పద్ధతి కచ్చితత్వంతోపాటు మరో రెండు ప్రశ్నలు అడగాలి: సమాచారమిచ్చిన వారికి ఫలితం వారి భాషలో తిరిగి చేరిందా? చేరిన తరువాత దానిపై చర్య కోరే మార్గం వారికి ఉందా? ఈ ప్రశ్నలకు జవాబు దొరకనంతవరకు, ప్రజల గురించిన లెక్క ప్రజల లెక్క కాజాలదు.