లద్దాఫ్ అంటే?

పరుపులో దూది గడ్డకట్టిందంటే మా అమ్మ వీధరుగు మీద నిలబడి దూదేకులాయన కోసం ఎదురుచూసేది. ఆ "టంగ్ టంగ్" చప్పుడు మీలో చాలామందికి గుర్తుండే వుంటుంది. విల్లు నారి మీద ఆయన కొయ్యతో కొడుతుంటే దూది మబ్బులా విచ్చుకునేది. పిల్లలం జుట్టు తెల్లబడి ముసలమ్మల్లా తిరిగేవాళ్లం!

మా అనంతపురం సీమలో వీరికి మరో పేరుంది, లద్దాఫ్. కొందరికి అదే ఇంటిపేరు. నాతో బడిలో చదివిన అమ్మాయి ఒకతె ఆ పేరు పలికినప్పుడల్లా తరగతంతా నవ్వేది. పాపం, పెద్దయ్యాక కూడా "ఎల్" అని పొడి అక్షరమే రాసుకునేది.

అందులో నవ్వడానికేముందండీ? అరబ్బీలో "నద్దాఫ్" అంటే దూది ఏకేవాడు. మన కుమ్మరి, కమ్మరి లాంటి మాటే. పారశీకం, దక్కనీ ఉర్దూల మీదుగా మనదాకా వచ్చేసరికి "న" కాస్తా "ల" అయింది. మన నిమ్మను మరాఠీవాళ్లు లింబు అనడం లేదూ? అలాగన్నమాట. సరిహద్దు దాటి కర్ణాటకకు వెళితే ఇదే వృత్తివారి ఇంటిపేరు నదాఫ్. అరబ్బు దేశాల్లోనూ నద్దాఫ్‌లున్నారు. 922లో బాగ్దాదులో ప్రాణాలు తీసిన సూఫీ మన్సూర్ హల్లాజ్ పేరులోని "హల్లాజ్"కూ దూది ఏకేవాడనే అర్థం.

గుత్తి, తాడిపత్రి వైపు నల్లరేగడిలో పత్తి పండేది. లద్దాఫులు ఏకి ఏకులు చుట్టి ఇస్తే ఆడవాళ్లు రాట్నం మీద వడికేవారు. ఏకు మేకైందంటామే, ఆ ఏకు ఇదే. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వానైనా సరిగా పడని నేల మాది. పత్తి పోతే వీరి విల్లు మూలపడేది. తరవాత మిల్లులొచ్చాయి, వేరుశనగ వచ్చింది, చివరకు స్పాంజి పరుపులొచ్చాయి.

వీరి ఇంటిభాష తెలుగు. పేర్లు హుసేనప్ప, కుళ్లాయప్ప, మస్తానమ్మ. ఉర్దూ మాట్లాడేవారు వీరిని తమలో పూర్తిగా కలుపుకోలేదు, మనమేమో సాయిబులని వేరుగా చూశాం. 1970లో ప్రభుత్వం వెనుకబడిన తరగతుల జాబితా వేసినప్పుడు దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాష్ అని నాలుగు పేర్లూ ఒక్క వరుసలో రాసింది.

ఆమధ్య ఆ స్నేహితురాలు కనిపిస్తే పేరు అర్థం చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "అయితే మా నాయన చేసిన పనేనా? ఇన్నేళ్లూ ఏదో తిట్టనుకున్నానే!" అంది. వాళ్ల అటక మీద విల్లు ఇంకా వుందట, నారి మాత్రం లేదట.